పెట్టుడు గోళ్లను పాడుచేస్తున్నది దాచే డబ్బాయే

సంపాదకులకు నమస్కారం.

శ్రావణ మాసం వచ్చిందంటే చాలు, వ్రతాలు, పెళ్లిళ్లు, దసరా, దీపావళి అన్నీ వరసగా వచ్చిపడతాయి. వాటితో పాటే పత్రికల మహిళల పేజీల్లో పెట్టుడు గోళ్ల మీద వ్యాసాలూ వస్తాయి. ఏ చీర మీదికి ఏ రంగు నప్పుతుందో, పొట్టి వేళ్లకు ఏ ఆకారం బాగుంటుందో చక్కగా రాస్తున్నారు. ఫంక్షన్ అయిపోయి ఇంటికొచ్చాక ఆ గోళ్లను తీసి ఏం చేయాలన్నది మాత్రం ఎక్కడా కనబడదు. ప్యాకెట్ మీద ‘మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు’ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది, అదెలాగో చెప్పే ముక్క ఒక్కటీ ఉండదు. అందుకే గోళ్ల అలంకరణ పని చేసుకుంటున్న మేము ఈ ఉత్తరం రాస్తున్నాం. కాస్త పొడుగైంది, దయచేసి కత్తిరించకుండా వేయండి.

ముందుగా ఒక మాట. పెట్టుకున్నప్పుడు విరిగిపోయే గోళ్లు తక్కువ. తీసేటప్పుడు, దాచేటప్పుడు పాడయ్యేవే ఎక్కువ. ఒక జిప్ కవర్లో పది గోళ్లూ పోసేసి బీరువాలో పడేస్తారు. మూడు నెలల తర్వాత తీసి చూస్తే వంపు విచ్చుకుపోయి, రాళ్లు ఊడి, రంగు చెదిరి, చిటికెనవేలిది ఎక్కడుందో తెలియక మొత్తం సెట్టే చెత్తబుట్టలోకి పోతుంది. ఒక్క గోరు పోయినందుకు మిగతా తొమ్మిదీ పారేయడం మాకు చాలా బాధగా ఉంటుంది. ఇందులో ప్రతిదీ తప్పించుకోగలిగిన నష్టమే.

దాచడం బాగుండాలంటే తీయడం బాగుండాలి. గోరు కొస పట్టుకుని పైకి లాగడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. అలా లాగితే కింద మన సొంత గోరు పొరలు పొరలుగా లేచిపోతుంది, పైన పెట్టుడు గోరు మధ్యలో అడ్డంగా ఒక తెల్లటి గీత పడుతుంది. బజారులో దొరికే మామూలు పెట్టుడు గోళ్లు చాలావరకు ఏబీఎస్ అనే గట్టి రకం ప్లాస్టిక్‌వి. ఆ ప్లాస్టిక్ వంగకూడని చోట వంగితే లోపల సన్నటి పగుళ్లు వచ్చి తెల్లబడుతుంది. ఆ తెల్ల గీత రంగు వేస్తే కనబడకుండా పోతుంది గానీ, తర్వాతి సారి విరిగేది సరిగ్గా అక్కడే. కాబట్టి ఒక గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పోసి, నాలుగు చుక్కల షాంపూ, ఒక చెంచా కొబ్బరినూనె వేసి వేళ్లు ముంచండి. స్టిక్కర్ ట్యాబులతో (రెండు వైపులా అంటుకునే చిన్న జిగురు ముక్కలు) అంటించినవైతే 5 నుంచి 10 నిమిషాలు, గ్లూతో అంటించినవైతే 15 నిమిషాలు. తర్వాత చెక్కపుల్లను గోరు పక్క మూల నుంచి మెల్లగా దూర్చి అటూ ఇటూ కదపాలి. కదలకపోతే ఇంకో 5 నిమిషాలు నానబెట్టాలి తప్ప బలం పెట్టకూడదు. నీళ్లు మరీ వేడిగా ఉంటే తొందరగా వస్తాయనుకుంటారు కొందరు. సాఫ్ట్ జెల్ గోళ్లు (ఏబీఎస్ కన్నా మెత్తగా వంగే జెల్ రకం) వేడికి మెత్తబడి, తీసేటప్పుడు వంకర తిరిగి, చల్లారాక అలాగే గట్టిపడిపోతాయి.

తీసిన వెంటనే డబ్బాలో పెట్టేయడం రెండో పొరపాటు. పెళ్లిలో పెట్టుకున్న గోళ్లను ఒక్కసారి తిరగేసి వెలుతురులో చూడండి. కొస కింద జీలకర్ర బెల్లం ముద్ద ఎండి పట్టుకుని ఉంటుంది. తలంబ్రాల పసుపు అంచుల్లో చేరి ఉంటుంది. చేత్తో అన్నం తినే మనకు పప్పు, నెయ్యి, ఆవకాయ నూనె కూడా అక్కడే దాక్కుంటాయి. బెల్లం ఉన్న గోళ్లను అలాగే పెడితే డబ్బాకు చీమలు పడతాయి. నూనె మిగిలితే ఆ తర్వాత ఎంత మంచి ట్యాబు వేసినా పట్టదు, పూటలోనే ఊడిపోతుంది. ‘ఈ కంపెనీ ట్యాబులు బాగోలేవు’ అని తిట్టుకునేవాళ్లలో చాలామందికి అసలు సంగతి ఈ నూనె.

కడగడానికి టీ వడగట్టే జల్లెడను మించింది లేదు. దాన్ని గిన్నె మీద పెట్టి, పది గోళ్లూ అందులో వేసి, నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు కలిపి, మెత్తటి పాత టూత్ బ్రష్‌తో లోపలి వైపు తోమండి. సింకులో నేరుగా కడిగితే చిటికెనవేలి గోరు జాలీలోంచి జారిపోవడం ఖాయం. పైవైపు బ్రష్ పెట్టకుండా వేలితో రుద్దితే చాలు. రాళ్లు, కుందన్లు అతికించిన గోళ్లను, తీయడానికి నానబెట్టినంతసేపు తప్ప, నీళ్లలో ముంచి ఉంచకూడదు. రాయి వెనక ఉండే వెండిరంగు పూతలోకి తడి చేరితే నల్లబడి, రాయి మెరుపు చచ్చిపోతుంది. వాటిని లోపలి వైపు తడి గుడ్డతో తుడిచి సరిపెట్టాలి.

పసుపు మరక గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే తెల్ల గోళ్లు, లేత గులాబీ గోళ్లు మన ఇళ్లలో దీనికే బలవుతున్నాయి. సబ్బు తగలగానే పసుపు మరక ఎర్రబడుతుంది. కంగారుపడి గరుకు పీచుతో తోమితే పైన ఉన్న మెరుపు పోతుంది, మరక మాత్రం ఉంటుంది. పసుపు అంటిన తెల్ల పంచెను ఎండలో ఆరేస్తే మరక పలచబడటం అందరికీ తెలిసిందే. గోళ్లకూ అదే మందు. నీళ్లతో సబ్బంతా పోయేలా కడిగి, పైవైపు ఎండకు కనబడేలా ఒక గంటా రెండు గంటలు పొద్దుటి ఎండలో పెట్టండి. ఆ పూటకు చాలు. రోజుల తరబడి వదిలేస్తే ఎండలోని అతినీల కిరణాలకు ఏబీఎస్ ప్లాస్టిక్కే పసుపుపచ్చగా మారుతుంది, ఆ రంగు ఇక పోదు.

ఇక లోపలి జిగురు. ట్యాబులైతే గోరు మొదలు వైపు నుంచి ఒలిచి, మిగిలిన జిగటను వేలితో ఉండలా దొర్లిస్తే వచ్చేస్తుంది. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన టిష్యూతో ఒకసారి లోపల తుడిస్తే శుభ్రం. ఆల్కహాల్ పైవైపు తగలనివ్వద్దు. మామూలు నెయిల్ పాలిష్ వేసిన గోరైతే దాని మెరుపు తగ్గిపోతుంది. దీపం దగ్గర ఈ పని చేయొద్దు, ఆల్కహాల్ ఇట్టే అంటుకుంటుంది. గ్లూ అయితే రాయిలా గట్టిపడి ఉంటుంది. దాన్ని 180 గ్రిట్ (మోస్తరు గరుకున్న) అరగదీసే బఫర్‌తో నెమ్మదిగా గీకాలి. మొత్తం పోవాలని పట్టుబట్టొద్దు, ఎత్తుగా ఉన్న గడ్డలు పోయి లోపల సమంగా ఉంటే చాలు. గడ్డలు ఎందుకు పోవాలంటే, తర్వాతి సారి అంటించినప్పుడు గడ్డ చుట్టూ ఖాళీ మిగులుతుంది, ఆ ఖాళీలోకి నీళ్లు చేరతాయి. నెయిల్ పాలిష్ రిమూవర్‌లో నానబెడితే గ్లూ పోతుందని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది. పోతుంది, గ్లూతో పాటు గోరు కూడా పోతుంది. రిమూవర్‌లో ఉండే అసిటోన్ ఏబీఎస్‌ను కరిగించేస్తుంది, సాఫ్ట్ జెల్‌నూ మెత్తబరుస్తుంది. పారదర్శకంగా ఉండే గోరు మీద ఒక్క చుక్క పడినా మంచు పట్టిన అద్దంలా అయిపోతుంది.

ఆరబెట్టడంలో తొందర వద్దు. టిష్యూ మీద లోపలి వైపు పైకి ఉండేలా పరిచి ఫ్యాన్ కింద కనీసం ఒక గంట, వానాకాలంలో రాత్రంతా ఉంచండి. హెయిర్ డ్రయర్ వేడిగాలి పెట్టొద్దు. తడి ఎందుకు అంత ముఖ్యమంటే, తడి పట్టిన పెట్టుడు గోరుకూ మన గోరుకూ మధ్య సూడోమొనాస్ అనే బ్యాక్టీరియా పెరిగి సొంత గోరు ఆకుపచ్చగా మారే జబ్బు ఉంది. దాన్ని చూసి చాలామంది రంగు దిగిందనుకుంటారు. అలాంటి మరక కనబడితే పెట్టుడు గోళ్లు ఆపేసి చర్మవైద్యులకు చూపించాలి. ఆ వేలికి పెట్టిన గోరును కడిగి దాచుకోవద్దు, పారేయండి.

ఇప్పుడు అసలు విషయం, సైజులు. గోళ్లు ఎన్ని ఉన్నా సైజు పట్టిక లేకపోతే ఆ పోగు పనికిరాదు. పది సైజుల్లో వచ్చే సెట్లకు సాధారణంగా 0 నుంచి 9 దాకా నంబర్లుంటాయి. 0 అన్నిటికన్నా వెడల్పు, 9 అన్నిటికన్నా సన్నం. 24 గోళ్ల ప్యాకెట్లు చాలావరకు 12 సైజులు, ఒక్కోటి రెండు చొప్పున వస్తాయి. చిక్కెక్కడంటే, ఒక కంపెనీ 4, ఇంకో కంపెనీ 4 ఒకటి కావు. పైగా నంబరు గోరు మొదట్లో లోపలి వైపు చిన్నగా అచ్చయి ఉంటుంది, ఒకసారి ఫైల్ (గోళ్లు అరగదీసే ఆకురాయి) పెట్టి రుద్దితే మాయమవుతుంది. అందుకే నంబర్లను నమ్ముకోవద్దు, మిల్లీమీటర్లలో కొలుచుకోండి. పారదర్శకంగా ఉండే టేప్ ముక్కను మీ గోరు మీద అడ్డంగా, అన్నిటికన్నా వెడల్పున్న చోట అంటించి, రెండు పక్కలా చర్మం మొదలయ్యే చోట పెన్నుతో గీత పెట్టి, తీసి స్కేలు మీద అంటించి చూడండి. స్కేలు నేరుగా గోరు మీద పెడితే వంపు లెక్కలోకి రాక తక్కువ వస్తుంది. పెట్టుడు గోరునూ అలాగే, లోపలి వంపు వెంట టేప్ పెట్టి కొలవాలి. రెండు చేతులూ కొలవాలి. ఎక్కువ పని చేసే చేతి గోళ్లు చాలామందికి కొంచెం వెడల్పుగా ఉంటాయి. అలా వచ్చిన పది అంకెలను (ఉదాహరణకు కుడి చేతికి బొటనవేలు 15, చూపుడువేలు 11, మధ్యవేలు 12, ఉంగరపువేలు 11, చిటికెనవేలు 9 మి.మీ. అని) ఒక చిన్న కార్డు మీద రాసి డబ్బా మూత లోపల అంటించండి. కొత్త సెట్ కొనేటప్పుడూ ఆ కార్డే చూసుకోవాలి. రెండు సైజుల మధ్య పడితే పెద్దది తీసుకుని పక్కలు ఫైల్ చేసుకోవచ్చు. చిన్నది బలవంతంగా పెడితే పక్కల నుంచి లేస్తుంది, నొప్పీ పుడుతుంది.

వెడల్పు సరిపోయినా వంపు సరిపోకపోవచ్చు. చదునైన గోరున్నవాళ్లు బాగా వంపున్న గోరు పెట్టుకుంటే నడుమ గాలి మిగిలి, తట్టగానే టక్కుమని చప్పుడు వస్తుంది. కాబట్టి డబ్బా మీద వెడల్పుతో పాటు ‘చదును’ అనో ‘వంపు’ అనో ఒక మాట రాసి పెట్టుకోండి.

24 గోళ్ల ప్యాకెట్‌లో పది వాడితే 14 మిగులుతాయి. వీటిని పారేయడం తప్పు, అదే సెట్‌తో కలిపి పెట్టడం కూడా తప్పు. మిగులు గోళ్లకు వేరే డబ్బా ఉండాలి. రోజుకు నాలుగు పూటల లెక్కన వారానికి 28 అరలుండే మాత్రల డబ్బాలు మందుల షాపుల్లో దొరుకుతాయి. అర మూత మీద మిల్లీమీటర్లు రాసి (8, 9, 10 అలా) ఆ కొలతవన్నీ ఆ అరలో వేయండి, ఏ కంపెనీదైనా సరే. ఒక సెట్‌లో గోరు పోయినప్పుడు ఇక్కడ వెతికి అదే కొలతది తీసి అదే రంగు వేస్తే సెట్ బతికిపోతుంది. పారదర్శకమైనవి, చర్మం రంగువి మిగిలితే మరీ మంచిది, ఏ రంగు కిందికైనా పనికొస్తాయి. ఒక్క సంగతి: ఆషాఢంలో గోరింటాకు పెట్టుకున్నవాళ్ల గోళ్లు నెలల తరబడి ఎర్రగా ఉంటాయి కాబట్టి పారదర్శక గోరు కింద ఆ ఎరుపు కనబడుతుంది. అప్పుడు ముదురు రంగువే వాడుకోవాలి.

సెట్‌ను దాచే తీరు ఇదీ. పాత గట్టి ప్లాస్టిక్ ఫైల్ కవర్ (మెత్తటి పీవీసీది కాకుండా) నుంచి 10 సెంటీమీటర్ల వెడల్పు, 6 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న ముక్క కత్తిరించండి. రెండు వరసలు, పైన ఎడమ చేయి, కింద కుడి చేయి, రెండు వరసల్లోనూ బొటనవేలు ఒకే వైపు. పైన చెప్పిన కొలతల్లో ఐదు గోళ్లకు 58 మి.మీ. పడుతుంది, గోరుకూ గోరుకూ మధ్య 4 మి.మీ. వదిలినా 74 దాటదు, కాబట్టి కార్డు మీద ఎడంగా సరిపోతాయి. మరీ పొడుగు గోళ్లకు ఎత్తు 8 సెంటీమీటర్లు పెట్టుకోండి. రెండు వైపులా అంటే టేప్‌ను చిన్న ముక్కలు కోసి, కందిగింజంత ఉండగా చుట్టండి. గుడ్డ మీద రెండు మూడు సార్లు అద్ది, జిగట కొంచెం చంపి, ఒక్కో గోరు నడుమ కింద ఒక్కో ఉండ పెట్టి నొక్కండి. జిగట చంపకపోతే తీసేటప్పుడు మళ్లీ లాగాల్సి వస్తుంది. కార్డంతా టేప్ పరిస్తే గోరు అంచులకు జిగురు, దుమ్ము పట్టి నల్లటి గీతలు పడతాయి. ఎడమ, కుడి కలపొద్దని ఎందుకంటున్నామంటే, పక్కలు ఫైల్ చేశాక రెండు బొటనవేళ్ల గోళ్లు ఒకేలా ఉండవు. కార్డు మీద L, R బదులు ఎ, కు అని తెలుగులో రాసినా చాలు. నంబరు మాత్రం గోరు లోపల మార్కర్‌తో రాయొద్దు, లేత రంగు గోళ్లలో సిరా పైకి కనబడుతుంది.

గోళ్లను చెంచాల్లా ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు. అద్దంలా మెరిసే క్రోమ్ పూత మీద ఒక్క గీత పడినా దాచలేం. రాళ్లు, పువ్వులు ఉన్నవాటికి మూతకూ గోరుకూ మధ్య కనీసం ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి.

డబ్బా ఏ ప్లాస్టిక్‌దో చూసుకోవడం చాలామందికి వింతగా అనిపిస్తుంది. పిల్లల జామెట్రీ బాక్స్ తెరిచి చూడండి. రబ్బరు ప్లాస్టిక్ స్కేలుకు అతుక్కుపోయి, లాగితే స్కేలు మీద గుంట పడి ఉంటుంది. రబ్బరును మెత్తగా ఉంచడానికి కలిపే నూనెలాంటి పదార్థం స్కేలులోకి దిగి దాన్ని కరిగించింది. మెత్తగా వంగే పీవీసీ కవర్లు, ఫొటో ఆల్బమ్ జేబులు, జిప్ పర్సులు గోళ్లకు సరిగ్గా ఇదే చేస్తాయి. నాలుగైదు నెలలకు గోరు పైభాగం జిగటగా మారి కవరుకు అంటుకుంటుంది. డబ్బా అడుగున త్రికోణంలో అంకె ఉంటుంది. 5 ఉంటే పాలీప్రొపైలిన్, అది మంచిది. 3 ఉంటే పీవీసీ, వద్దు.

డబ్బా ఎక్కడ పెట్టాలన్నది ఊరిని బట్టి కూడా ఉంటుంది. విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి సముద్రతీర ఊళ్లలో గాలిలో తేమ ఎక్కువ. మూత గట్టిగా పడే డబ్బా, అందులో ఒక సిలికా జెల్ పొట్లం తప్పనిసరి. ఏడాది కిందట చెప్పుల డబ్బాలోంచి తీసి బయట పడేసిన పొట్లం ఇప్పుడు పనిచేయదు, అది ఎప్పుడో తేమతో నిండిపోయి ఉంటుంది. రామగుండం, విజయవాడ లాంటి చోట్ల మే నెల ఎండకు ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డులో పెట్టిన గోళ్లు వంపు కోల్పోతాయి. నెయిల్ పాలిష్ వేసినవైతే ఒకదానికొకటి అతుక్కుంటాయి. కిటికీ గట్టు, బాత్రూమ్ అల్మారా, ఫ్రిజ్ పైన వేడి తగిలే చోటు ఏదీ వద్దు. పట్టుచీరల బీరువాలో పెట్టేవాళ్లూ ఉన్నారు. అక్కడ కలరా ఉండలు వేసి ఉంటే వాటి ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది, వాసనా వదలదు. పుస్తకాల అల్మారాలో వెలుతురు పడని మూల అన్నిటికన్నా నయం.

ఊరికి వెళ్లేటప్పుడు పొట్టి గోళ్లకైతే కాంటాక్ట్ లెన్స్ డబ్బా భలే కుదురుతుంది. కుడి, ఎడమ అని రెండు గిన్నెలు ముందే ఉంటాయి, ఐదేసి పడతాయి. లెన్సులకు మళ్లీ వాడని డబ్బా అయి ఉండాలి, లోపల పొడిగా ఉండాలి. రాళ్ల గోళ్లకు మాత్రం ఇది పనికిరాదు.

ట్యాబులను గోళ్లతో పాటు పెట్టొచ్చు, జిప్ కవర్లో వేసి. వేడికి వాటి జిగురు అంచులు దాటి కారుతుంది. అలా కారినవి, ఎండిపోయినవి వేలి మీద నొక్కి చూస్తేనే తెలిసిపోతాయి. గ్లూ మాత్రం వేరే చోట ఉండాలి, ఇది మేము ప్రాధేయపడి చెబుతున్న సంగతి. నెయిల్ గ్లూ అంటే సయనోఅక్రిలేట్, తేమ తగలగానే గట్టిపడే జిగురు. అందుకే మూత సరిగా పెట్టకపోతే సీసాలోనే రాయి అవుతుంది. వాడిన వెంటనే మూతిని టిష్యూతో తుడిచి, మూత బిగించి, నిలువుగా, పొడిచోట పెట్టాలి. దాని సీసా అచ్చం కంటి చుక్కల మందు సీసాలా ఉంటుంది. పొరపాటున కంట్లో వేసుకుని రెప్పలు అతుక్కుపోయిన సంఘటనలు వైద్య పత్రికల్లో చాలాసార్లు నమోదయ్యాయి. మందుల డబ్బాలో, దిండు పక్కన, పూజ గదిలో ఎక్కడా కంటి మందు దగ్గర అది ఉండకూడదు. ఒకవేళ కంట్లో పడితే రెప్పలు బలవంతంగా విడదీయకుండా నీళ్లతో కడుగుతూ వెంటనే కంటి ఆసుపత్రికి వెళ్లాలి. రెండోది, గ్లూ ఒలికితే దూదితోనో నూలు గుడ్డతోనో తుడవొద్దు. నూలుకు తగలగానే ఈ జిగురు ఒక్కసారిగా వేడెక్కి పొగలు కక్కుతుంది, చర్మం కాలుతుంది. కాటన్ చీర, లంగా, పిల్లల నూలు బట్టల మీద పడి కాలిన గాయాలు అయినవారున్నారు. బట్ట మీద పడితే ఒంటికి తగలకుండా బట్టను పట్టి ఎత్తి, చన్నీళ్లు ధారగా పోయాలి.

ప్రతి సెట్‌కూ ఒక నంబరు, ఒక నోటుబుక్కులో ఒక వరస ఉంటే చాలు: ఆకారం, కొన్న నెల, ట్యాబులా గ్లూనా, ఎన్నిసార్లు పెట్టుకున్నది, ఏ వేలిది పోయింది. ట్యాబులతో జాగ్రత్తగా వాడిన సెట్ ఐదారు సార్లు హాయిగా వస్తుంది, గ్లూతో రెండు మూడు సార్లకు మించి ఆశించొద్దు. గోరు మొదట్లో పలచబడినా, తెల్ల గీత రెండు వైపులా పాకినా, లోపల నల్ల చుక్కలు కనబడినా తీసేయాల్సిందే. ఇంట్లో అక్కచెల్లెళ్లు ఒకే సెట్ మార్చి మార్చి వాడటం మాకు నచ్చదు. లోపల గీకిన గరుకుతనంలో ఏముంటుందో తుడుపుతో పూర్తిగా పోదు. మా లెక్కలో ఒక మనిషికి పది సెట్లు ధారాళం, ఆపైన చేరేవి చూసుకోక పాడవుతాయి.

నర్సు చెల్లెళ్లకు ఒక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 నాటి చేతుల శుభ్రత మార్గదర్శకాలు, రోగులను నేరుగా తాకే సిబ్బంది పెట్టుడు గోళ్లు పెట్టుకోకూడదంటున్నాయి. సెలవు నాడు పెట్టుకుని డ్యూటీకి ముందు తీసేయాలనుకునే మీకు ట్యాబులే సరి, పై పద్ధతులన్నీ అందరికన్నా ఎక్కువగా మీకే అక్కరకొస్తాయి. ఆపరేషన్‌కు వెళ్లేవారు కూడా వీటిని ముందే తీసేయాలి, వేలికి పెట్టే ఆక్సిజన్ కొలిచే క్లిప్ లెక్క తప్పవచ్చు.

పనికిరాని గోళ్లను చెత్తతో కలిపి కాల్చొద్దు. ఏబీఎస్ కాలితే వచ్చే పొగలో హైడ్రోజన్ సయనైడ్ ఉంటుంది. కాలువలో వేయొద్దు. ఒక కవర్లో కట్టి పొడిచెత్తలో ఇవ్వండి.

తయారీదారులు, అమ్మకందారుల నుంచి మేము అడుగుతున్నవి మూడే. ప్యాకెట్ మీద ఒక్కో సైజు ఎన్ని మిల్లీమీటర్లో అచ్చు వేయాలి. ఒక్కసారి తెరవగానే చిరిగిపోయే పలచటి ట్రే బదులు మూత పడే గట్టి ట్రే ఇవ్వాలి. గ్లూ మీద హెచ్చరికలు ఇప్పుడు కంటికి ఆనని ఇంగ్లిష్ అక్షరాల్లో ఉన్నాయి, రెండు తెలుగు రాష్ట్రాల్లో అమ్మేవాటి మీద అవి తెలుగులో ఉండాలి. ఇవి జరిగేదాకా మిమ్మల్ని ఒకటి కోరుతున్నాం. మీ మహిళల పేజీలో పెట్టుడు గోళ్ల ఫొటో వేసిన ప్రతిసారీ దాని కింద రెండు వాక్యాలు అచ్చు వేయండి: గ్లూ సీసాను కంటి చుక్కల మందు దగ్గర పెట్టొద్దు, ఒలికిన గ్లూను నూలు గుడ్డతో తుడవొద్దు.

— గోళ్ల అలంకరణ పనిలో ఉన్న కొందరు మహిళలు, విజయవాడ